ఎవరి ఇంటిని చూసి వస్తున్నాం?

మార్గశిరం నాటికి ఆదోని మార్కెట్ యార్డు తెల్లబడుతుంది. ఆలూరు, ఆస్పరి, హొళగుంద, కౌతాళం, పెద్దకడుబూరు దారుల నుంచి పత్తి మూటలతో ట్రాక్టర్లు, ఆటోలు బారులు తీరుతాయి. రాష్ట్రంలోని పెద్ద పత్తి మార్కెట్లలో ఒకటైన ఆ యార్డులో క్వింటాలు ఎంత పలికిందో మర్నాటి పత్రికల్లో వస్తుంది. అవే వారాల్లో, అవే రోడ్ల మీద మరో ప్రయాణం కూడా సాగుతుంది. కోసిగి, మంత్రాలయం, నందవరం, గోనెగండ్ల మండలాల పల్లెల నుంచి వంటపాత్రలు, చాపలు, జొన్నల మూటలు, చంటిపిల్లలతో కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు మిరపచేలకు, తెలంగాణ పత్తిచేలకు, బెంగళూరు కట్టడాలకు బయలుదేరతాయి. దీన్ని అక్కడివారు ‘సుగ్గికి పోవడం’ అంటారు. సుగ్గి అంటే పంటకోతల కాలం. పొరుగున ఉన్న కన్నడంలో అది పండుగ మాట. పశ్చిమ కర్నూలులో మాత్రం ఇంటికి తాళం పడే కాలానికి పేరు.

ఇదే చలికాలంలో అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి క్రిస్మస్ సెలవులు వస్తాయి. అట్లాంటా, షార్లెట్, హ్యూస్టన్ నగరాల నుంచి ఎందరో దక్షిణాది రాష్ట్రాల మీదుగా కార్లలో యాత్రకు బయలుదేరతారు. ఇక్కడి నుంచి వెళ్లిన తల్లిదండ్రులనూ వెంట తీసుకెళతారు. న్యూ ఆర్లియన్స్ చూశాక, ఛార్లెస్టన్ చూశాక, ‘ఒక ప్లాంటేషన్ కూడా చూసి వద్దాం’ అనుకోవడం మామూలే. ఎత్తైన తెల్లని స్తంభాలు, దారికి ఇరువైపులా తరాలనాటి ఓక్ చెట్లు, కిటికీల్లో క్రిస్మస్ దీపాలు. ఫొటోలు దిగుతారు, వాట్సాప్‌లో పంచుకుంటారు. అవి ఆదోనిలో, ఎమ్మిగనూరులో బంధువుల ఫోన్లలో తెరుచుకుంటాయి. ఆ మేడ ఎవరి చెమటతో లేచిందన్న ప్రశ్న మాత్రం ఆ ఫొటోల్లో కనిపించదు.

ప్లాంటేషన్ అన్న మాటను ‘తోట’ అని అనువదిస్తే దాని అసలు అర్థం జారిపోతుంది. వందల ఎకరాల పత్తి, చెరకు, వరి పొలాలు, వాటి నడుమ దొర మేడ, మేడ వెనుక వరుసగా బానిసల గుడిసెలు, కొరడా పట్టిన కాపలాదారు, మనుషులను పశువుల పక్కన జమకట్టిన పద్దు పుస్తకం, ఇవన్నీ కలిస్తే ప్లాంటేషన్. తెలంగాణ వారికి గడి అంటే చప్పున తెలుస్తుంది. రాయలసీమ వారికి పెద్దరెడ్డి వాకిలి అంటే కొంత తెలుస్తుంది. అమెరికాలో ఈ మేడలను సందర్శకులకు చూపే తీరు గత పుష్కరకాలంలో కొంతైనా మారింది. మన నేలలో అసలు మొదలే కాలేదు. అక్కడి మార్పును ఆనవాలుగా పెట్టుకొని ఇక్కడి మౌనాన్ని కొలవడం ఈ వ్యాసం ఉద్దేశం.

లూసియానాలో మిసిసిపీ నది ఒడ్డున విట్నీ ప్లాంటేషన్ ఉంది. అది చెరకు తోట. అక్కడ చలికాలం విశ్రాంతి కాలం కాదు. మంచు పడితే చెరకు పాడవుతుంది కనుక అక్టోబరు నుంచి క్రిస్మస్ దాకా రాత్రింబవళ్లు గానుగలు తిరిగేవి. బానిసల శరీరాలు అన్నిటికన్నా ఎక్కువగా నలిగిన రుతువది. న్యాయవాది జాన్ కమింగ్స్ ఈ ఎస్టేటును కొని, సొంత డబ్బు ఖర్చుపెట్టి, 2014 డిసెంబరులో బానిసత్వానికే అంకితమైన మ్యూజియంగా తెరిచారు. అక్కడి సందర్శన దొర మేడతో మొదలు కాదు. పాత చర్చిలో పసిపిల్లల విగ్రహాలు ముందు ఎదురవుతాయి. విముక్తి నాటికి పిల్లలుగా ఉండి, ముసలితనంలో తమ కథ చెప్పుకోగలిగిన వారికి అవి గుర్తు. ఆ తర్వాత పేర్లు చెక్కిన గోడలు వస్తాయి. చరిత్రకారిణి గ్వెండొలిన్ మిడ్లో హాల్ పాత దస్తావేజులు తిరగేసి సేకరించిన 1,07,000 మంది లూసియానా బానిసల పేర్లు ఆ ప్రాంగణంలో ఉన్నాయి. గుడిసెలు, ఇనుప బోను చూశాకే మేడ దగ్గరికి వస్తారు. అప్పటికి ఆ మేడ అందం చూసేవాడి కంటికి వేరేగా కనిపిస్తుంది.

ఇది ఒక్క చోటి కథ కాదు. స్వాతంత్ర్య ప్రకటన రాసిన థామస్ జెఫర్సన్ ఇల్లు మాంటిచెల్లోలో, ఆయన బానిసగా ఉంచుకొని పిల్లల్ని కన్న శాలీ హెమింగ్స్‌కు ఒక గదిని 2018లో ప్రత్యేకించారు. ప్లాంటేషన్ మేడలను పెళ్లి వేదికలుగా ప్రచారం చేయడాన్ని పేరున్న వివాహ వెబ్‌సైట్లు 2019లో పరిమితం చేశాయి. 2025 మే నెలలో లూసియానాలోని నాటవే మేడ కాలిపోయినప్పుడు కొందరు వారసత్వ సంపద పోయిందని విలపించారు, మరికొందరు మాత్రం సంబరపడ్డారు. అదే ఏడాది మార్చిలో అధ్యక్షుడు ట్రంప్ జారీ చేసిన ఉత్తర్వు, జాతీయ మ్యూజియాలు దేశ చరిత్రను చెడ్డగా చూపుతున్నాయని నిందించింది. అంటే అక్కడా ఈ పోరు తీరలేదు. గెలుపోటములు ఎటున్నా, ఎవరి ఇంటి నుంచి చరిత్ర చెప్పాలన్న ప్రశ్న అక్కడ బహిరంగంగా రగులుతోంది. మన దగ్గర ఆ ప్రశ్న ఇంకా నోటికి రాలేదు.

‘అమెరికా బానిసలకూ ఆదోనికీ ఏమిటి సంబంధం’ అని అడగవచ్చు. సంబంధం పత్తి దారంతో ముడిపడి ఉంది. లాంకషైర్ మిల్లులకు అమెరికా బానిసలు తీసిన పత్తే ప్రాణాధారమని తెలిసిన ఈస్టిండియా కంపెనీ, దానికి బదులు వెతికే పనిలో 1840లో అమెరికా దక్షిణాది నుంచి పదిమంది ప్లాంటర్లను జీతమిచ్చి భారతదేశానికి రప్పించింది. తమ గింజలతో, జిన్నింగ్ యంత్రాలతో వచ్చిన వారిలో కొందరు మద్రాసు ప్రెసిడెన్సీలో ప్రయోగాలు చేశారు. కొరడా కింద పత్తి పండించడం అలవాటైన వారి విద్య ఇక్కడ పారలేదు. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై దక్షిణాది రేవులు మూతపడగానే లాంకషైర్ చూపు మళ్లీ మన నల్లరేగడి మీద పడింది. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. బళ్లారి, కర్నూలు పత్తికి ఒక్కసారిగా ధర వచ్చింది. షావుకార్లు బాగుపడ్డారు, అప్పిచ్చేవారు విస్తరించారు, జొన్న వేసే చెలకలు పత్తికి తిరిగాయి. 1865లో యుద్ధం ముగిసింది. ధర కూలింది. అప్పు మిగిలింది.

ఆ తర్వాత పదేళ్లకు వచ్చింది 1876–78 కరువు. బళ్లారి, కర్నూలు జిల్లాలు దాని నోట చిక్కాయి. 1871, 1881 జనగణనల మధ్య కర్నూలు జిల్లా జనాభా దాదాపు నాలుగో వంతు తగ్గింది. 1877 జనవరిలో, నడి చలికాలంలో, రిచర్డ్ టెంపుల్ సహాయ శిబిరాల కూలీలకు రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలని కూలిని కోశాడు. ఆ శిబిరాల్లో రాళ్లు మోసినవారు, దారుల పక్కన రాలిపోయినవారు ఎవరు? భూమి లేనివారు, ధాన్యపు గాదె లేనివారు, ఊరి బావిలో నీళ్లు తోడుకునే హక్కు లేనివారు. కరువు అందరికీ వచ్చింది. చావు మాత్రం కులాల మెట్లు చూసుకుంటూ కిందికి దిగింది.

ఈ రెండు దేశాల బాధితుల మధ్య పోలికను మొదట చూసినవారు పండితులు కాదు, బాధితుల పక్షాన నిలిచినవారు. జోతిబా ఫూలే 1873లో వెలువరించిన ‘గులామ్‌గిరీ’ని నల్లవారి విముక్తి కోసం త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అంబేడ్కర్ 1946లో నల్లజాతి మేధావి డబ్ల్యు.ఇ.బి. డుబోయ్‌కు లేఖ రాసి, అమెరికా నల్లవారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన వినతిపత్రం ప్రతి కావాలని కోరారు. 1959లో కేరళకు వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను దళిత విద్యార్థుల బడిలో అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేస్తే, మొదట నొచ్చుకొని, తర్వాత ఆ మాట నిజమని ఒప్పుకున్నట్లు ఆయనే చెప్పుకున్నారు.

పోలికతో పాటు తేడానూ చూడాలి. బానిసత్వం కన్నా అంటరానితనం ఒక విధంగా మరింత కఠినమని అంబేడ్కర్ వాదించారు. బానిసను కొన్న దొరకు అతను ఆస్తి కనుక, బతికించుకోవాలన్న స్వార్థమైనా ఉంటుంది. అంటరానివాడి శ్రమ అందరికీ కావాలి, బాధ్యత ఎవరికీ అక్కరలేదు. బానిసత్వం చట్టం కనుక ఒక చట్టంతో పోయింది. అంటరానితనం అలవాటు కనుక, రాజ్యాంగం 17వ అధికరణంలో రద్దయ్యాక కూడా టీ హోటల్లో రెండో గ్లాసుగా మిగిలింది.

ఈ తేడా నేల మీదనే గీత గీసి కనిపిస్తుంది. అమెరికా ప్లాంటేషన్‌లో బానిస గుడిసె దొర మేడ వెనుకే ఉండేది. దొరకు వండి పెట్టింది, దొర బిడ్డకు పాలిచ్చింది నల్ల స్త్రీలే. అందుకే మేడను కాపాడినప్పుడు గుడిసెలు కూడా కొన్ని మిగిలాయి, మ్యూజియం కట్టాలనుకున్న వారికి చూపడానికి దొరికాయి. ఇక్కడ తాకిడే పాపం. పని చేసినవాడు దొర వాకిట్లో పొద్దంతా ఉన్నా, చీకటి పడితే ఊరు దాటి మాదిగవాడకో మాలవాడకో పోవాల్సిందే. అతని గుడిసె మేడ ఆవరణలో లేదు కనుక మేడ చరిత్రలోనూ లేకుండా పోయింది. ఇంకో మాట కూడా ఉంది. అమెరికాలో ఆ గుడిసెలు ఖాళీ అయ్యాయి కనుక మ్యూజియమయ్యాయి. మన వాడలు ఖాళీ కాలేదు. అందులో మనుషులు ఉన్నారు. సుగ్గి కాలంలో మాత్రమే అవి ఖాళీగా ఉంటాయి.

ఆదోనికి వచ్చినవారికి మనం ఏమి చూపుతాం? కొండ మీది కోట చూపుతాం. విజయనగర రాజులు, బీజాపూరు సుల్తానులు, మొఘలులు ఎవరెప్పుడు గెలిచారో చెబుతాం. బీజాపూరు తరఫున ఆదోనిని ఏలిన సిద్దీ మసూద్ ఖాన్ కట్టించిన జామియా మసీదును చూపుతాం. మసూద్ ఖాన్ హబ్షీ, అంటే ఆఫ్రికా సంతతివాడు. దక్కనుకు బానిసలుగా వచ్చిన హబ్షీలు సేనానులై, మంత్రులై, పాలకులైన చరిత్ర మనది. అమెరికాలో ఊహకందని విషయమిది. ఆఫ్రికా నుంచి వచ్చినవారి సంతతి ఏలుబడి చేసిన అదే ఆదోనిలో, ఊరి బయటి మాదిగ ఊరి నడిమికి రాలేకపోయాడు. బానిసత్వం నుంచి పైకి ఎక్కే నిచ్చెన ఉండేది. కులం నుంచి ఆ నిచ్చెన ఉండేది కాదు. ఈ మాట ఆ మసీదు ముందు నిలబడి చెప్పే మార్గదర్శి ఒక్కడైనా ఉంటే చరిత్ర పాఠం వేరుగా ఉండేది.

ఎమ్మిగనూరులో 1938లో మాచాని సోమప్ప స్థాపించిన చేనేత సహకార సంఘం గురించి గర్వంగా చెబుతాం. చెప్పాలి. కరువు సీమలో వేల మగ్గాలకు నూలు అందించి, నేతగాళ్లను షావుకారు గుప్పిట నుంచి బయటికి తెచ్చిన సంఘమది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చి దేశం గౌరవించింది. అయితే మగ్గం మీది నూలుకు ముందు దూది ఉంది, దూదికి ముందు కాయను ఒలిచిన వేళ్లున్నాయి. ఆ వేళ్లు ఎవరివో ఏ సంఘం చరిత్రలోనూ రాయలేదు. జీతగాడు, గాసగాడు, పాలేరు అన్న మాటలు నిఘంటువుల్లో ఉన్నాయి, శిలాఫలకాల్లో లేవు.

జీతం అంటే ఇప్పుడు నెల తిరిగితే వచ్చే డబ్బు. యాభై ఏళ్ల కిందట ఈ పల్లెల్లో జీతం పెట్టడమంటే మనిషిని అప్పు కింద జమకట్టడం. పెళ్లికో, చావుకో, కరువుకో తెచ్చిన బాకీకి కొడుకును పశువుల కాడ పెట్టేవారు. ఉగాదికి లెక్క చూసేవారు. పోయిన మేక, విరిగిన కాడి, జ్వరంతో పడుకున్న రోజులు అన్నీ తీసేస్తే బాకీ తగ్గేది కాదు, మరో ఉగాది దాకా సాగేది. అమెరికాలోనూ ఇలాంటి రోజులే ఉండేవి, అవి చలికాలంలో వచ్చేవి. బానిసత్వ కాలంలో జనవరి 1న మనుషులను ఏడాదికి కిరాయికిచ్చేవారు. తల్లీబిడ్డలు ఆనాడే విడిపోయేవారు. అందుకే దానికి గుండెకోత దినమని పేరు. 1865 డిసెంబరులో 13వ రాజ్యాంగ సవరణ బానిసత్వాన్ని రద్దు చేశాక, పాలికి చేసే నల్లరైతులకు ఏడాది చివర ‘సెటిల్’ అని లెక్క చూసేవారు. చదువు రాని మనిషి ముందు దొర పుస్తకం తెరిచి ఇంకా బాకీ ఉందని చెప్పేవాడు. చట్టం మారినా పుస్తకం మారలేదు.

మన దేశంలో 1843 నాటి చట్టం పేరుకు బానిసత్వాన్ని గుర్తించడం మానేసింది. అప్పు కింద మనిషిని కట్టివేసే పద్ధతి దానికి అందలేదు. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చి, 1975 అక్టోబరు 25 నుంచే అమలైనట్లు ప్రకటించింది. ఆ మరుసటి సంవత్సరాల్లో గాంధీ శాంతి ప్రతిష్ఠానం, జాతీయ కార్మిక సంస్థ కలిసి జరిపిన సర్వే పది రాష్ట్రాల్లో ఇరవై లక్షలకు పైగా వెట్టి కార్మికులున్నారని అంచనా వేసింది. వారిలో అత్యధికులు దళితులు, ఆదివాసులు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎస్.ఆర్. శంకరన్ వంటి అధికారి ఈ చట్టాన్ని కాగితం మీది నుంచి పల్లెల్లోకి నడిపించారు, అందుకు పాలకుల ఆగ్రహమూ చవిచూశారు.

ఆ చట్టానికి ఇప్పుడు అర్ధశతాబ్ది నిండింది. దీని అర్థం ఒకటుంది. పదేళ్ల వయసులో జీతానికి కుదిరి, ఇరవై ఏళ్ల వయసులో చట్టం వల్లనో, బెంగళూరు రైలెక్కి పారిపోవడం వల్లనో బయటపడినవారు ఇప్పుడు డెబ్బైకి చేరారు. కళ్లతో చూసినవారు, ఒంటి మీద మచ్చతో నిలిచినవారు మన మధ్య ఇంకా ఉన్నారు. పదేళ్లు పోతే ఉండరు. అమెరికాలో విముక్తి జరిగిన డెబ్బై ఏళ్లకు, 1936–38 మధ్య, ఆర్థిక మాంద్యం రోజుల్లో ప్రభుత్వమే నిరుద్యోగ రచయితలకు జీతమిచ్చి ఊరూరా పంపింది. వారు 2,300 మందికి పైగా మాజీ బానిసల నోటి మాటలను రాసుకొచ్చారు. అడిగిన వారిలో ఎక్కువమంది తెల్లవారు కావడం వల్ల ముసలివారు కొంత దాచి చెప్పారన్న విమర్శ ఉంది. అయినా ఆ కాగితాలే లేకుంటే విట్నీలోని పిల్లల విగ్రహాలకు మాట ఉండేది కాదు. తెలుగునాట అలాంటి పని ప్రభుత్వమూ చేయలేదు, విశ్వవిద్యాలయాలూ పూనికతో చేయలేదు.

ఇంకొక మౌనం ఉంది, అది స్త్రీలది. శాలీ హెమింగ్స్ గదికి రెండు వందల ఏళ్లు పట్టింది. ఆదోని, బళ్లారి ప్రాంతాల్లో దళిత ఆడపిల్లలను బసివినులుగా విడిచే ఆచారం దేవుడి పేరు మీద సాగింది. వారి శరీరం ఊరి పెద్దలది, వారి బిడ్డలు తండ్రి పేరు లేనివారు. అమెరికాలో బానిస తల్లి కన్న బిడ్డ తండ్రి ఎవరైనా బానిసే అన్న చట్టం ఎలా పనిచేసిందో, ఇక్కడ ఈ ఆచారం అలాగే పనిచేసింది. 1988లో ఆంధ్రప్రదేశ్ చట్టం దీన్ని నిషేధించింది. బడి దరఖాస్తులో తండ్రి పేరు గడి ముందు ఆగిపోయిన పిల్లల కథ మాత్రం నిషేధంతో ముగియలేదు.

ఇక వర్తమానానికి వద్దాం. సుగ్గి బానిసత్వమా? అనేవారి మాటలో సగం న్యాయముంది. సుగ్గికి పోయేవారు తమ ఇష్టంతో పోతున్నారు, ఊరిలో కంటే ఎక్కువ కూలి తెచ్చుకుంటున్నారు, ఆ డబ్బుతో ఇల్లు కట్టుకున్నవారు, పిల్లలను చదివించినవారు ఉన్నారు. వారిలో దళితులే కాదు, బోయలు, కురువలు, దూదేకులవారు, కొద్దిపాటి భూమి ఉన్న రైతులు కూడా ఉన్నారు. సోమవారం ఆదోని యార్డులో తన పత్తి అమ్ముకున్నవాడే గురువారం ఇంకొకరి చేనులో కూలికి దిగుతాడు. దొర, బానిస అన్న రెండు మాటలతో ఈ పరిస్థితి మొత్తాన్ని చెప్పలేం. అలా చెప్పడం ఆ మనుషుల తెలివినీ తెగువనూ తక్కువ చేయడమే.

మిగతా సగం న్యాయం మరోవైపు ఉంది. ఆసియా క్రీడల నిర్మాణ కూలీల కేసులో సుప్రీంకోర్టు 1982లో ఒక కీలకమైన సూత్రం చెప్పింది. ఆకలి వల్లా, వేరే దారి లేకపోవడం వల్లా కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయడం కూడా 23వ అధికరణం కింద బలవంతపు చాకిరే. బలవంతం అంటే కొరడా మాత్రమే కాదని, గత్యంతరం లేకపోవడమూ బలవంతమేనని ధర్మాసనం తేల్చింది. ఈ కొలతతో సుగ్గిని చూడాలి. మేస్త్రీ నుంచి ముందుగా తీసుకున్న అడ్వాన్సు, చేను గట్టున ప్లాస్టిక్ పట్టాల కింద నివాసం, కిలోల లెక్కన కూలి, తూకం ఎవరి చేతిలో ఉంటే వారిదే మాట, మధ్యలో జబ్బుపడితే వైద్యం ఖర్చు మళ్లీ బాకీలోకి. ఎవరు ఈ షరతులను కాదనగలరు, ఎవరు కాదనలేరు అన్నది చూస్తే కులం మళ్లీ కనబడుతుంది. నాలుగెకరాలున్నవాడు రెండు నెలలకు తిరిగి వస్తాడు. సెంటు భూమి లేని దళిత కుటుంబం అడ్వాన్సు తీరే దాకా రాలేదు.

ఈ ప్రయాణంలో పత్తి పిల్లలను కూడా వదలదు. కర్నూలు, గద్వాల ప్రాంతాల్లో హైబ్రిడ్ పత్తి విత్తన సాగు విస్తరించినప్పుడు, పూవు పూవునూ చేత్తో పరపరాగం చేయడానికి చిన్న వేళ్లు కావాలన్న నెపంతో ఏడెనిమిదేళ్ల ఆడపిల్లలను పనిలో పెట్టారు. తల్లిదండ్రులకు ముందే అప్పిచ్చి కట్టుకున్న ఈ పద్ధతిని దావులూరి వెంకటేశ్వర్లు వంటి పరిశోధకులు రెండు దశాబ్దాల కిందటే లెక్కలతో బయటపెట్టారు. ఆ తర్వాత ఒత్తిడి పెరిగి, పిల్లల సంఖ్య తగ్గింది. పని తీరు మాత్రం మారలేదు. సుగ్గికి పోయేవారి పిల్లల కోసం ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు పెడుతోంది. అవి కుటుంబాలు కదిలే ముందే, కార్తీకంలోనే తెరుచుకుంటే ఉపయోగం. తల్లీతండ్రీ లారీ ఎక్కిన తర్వాత మంజూరైన హాస్టల్ తాళం వేసిన ఇంటికి వచ్చిన ఉత్తరం లాంటిది. అక్షరాస్యతలో రాష్ట్రంలోనే అట్టడుగున ఉన్న మండలాల్లో కోసిగి ఎందుకు ఉందో జవాబు ఆ లారీలోనే ఉంది.

పాత జీతగాడి కథను ఇప్పుడు తవ్వడం ఎందుకు, ఇప్పటి సమస్య చూడండి అనేవారికి ఒక సమాధానం. ఈ రెండూ ఒకే సమస్య. నిన్నటి జీతగాడి కథ ఎక్కడా నమోదు కాకపోవడం వల్లనే ఇవాళ్టి అడ్వాన్సు మనకు మామూలుగా కనిపిస్తోంది. ఉగాది లెక్క ఎలా ఉండేదో తెలిసిన సమాజం మేస్త్రీ లెక్కను చూసి ఉలిక్కిపడుతుంది. తెలియని సమాజం అది వారి తలరాత అనుకుంటుంది. విట్నీకి వెళ్లి వచ్చినవారు ఆ తర్వాత చెరకు చేనును చూసే చూపు మారినట్లే, ఆదోనిలో అటువంటి చోటు ఒకటి ఉంటే పత్తి మూటను చూసే చూపు మారుతుంది.

కనుక కొన్ని పనులు ప్రభుత్వమూ, సమాజమూ తలకెత్తుకోవాలి. మొదటిది, జీతగాళ్లుగా, బసివినులుగా బతికినవారి నోటి చరిత్రను ఈ కొద్ది ఏళ్లలో రికార్డు చేయడం. అడిగేవారు వారి వాడల నుంచి చదువుకొని వచ్చిన యువతీ యువకులే అయితే, అమెరికాలో జరిగిన పొరపాటు ఇక్కడ జరగదు. రెండోది, 1976 చట్టం కింద విముక్తి పత్రాలు పొందినవారి జాబితాలను రెవెన్యూ కార్యాలయాల్లో చెదలు పట్టకుండా బయటికి తీసి భద్రపరచడం. విట్నీ గోడల మీది పేర్లు యజమానుల అమ్మకపు దస్తావేజుల్లో దొరికాయి. మనుషులను అమ్మిన కాగితమే వారికి జ్ఞాపకమైంది. మన వారి పేర్లు కనీసం విముక్తి కాగితం మీద ఉన్నాయి. మూడోది, ఆదోనిలో మూతపడిన పాత పత్తి మిల్లు ఒకదానిలోనో, యార్డు ఆవరణలోనో పత్తి శ్రమకు ఒక ప్రదర్శనశాల. అందులో కోట బొమ్మ కన్నా ముందు సుగ్గి మూట కనబడాలి.

నాలుగోది వర్తమానానిది. కేంద్ర పథకం విముక్తులైన వెట్టి కార్మికులకు లక్ష నుంచి మూడు లక్షల రూపాయల దాకా పునరావాస సాయం ఇస్తామంటోంది. అయితే పూర్తి సొమ్మును నేరస్థుడికి శిక్ష పడడంతో ముడిపెట్టింది. కోర్టు తీర్పు దాకా బాధితుడు మళ్లీ అప్పు చేయక ఏం చేస్తాడు? ఈ ముడి విప్పాలి. కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా పశ్చిమ మండలాల్లో ఉపాధి పనులు నిరంతరం ఉండాలి, కూలి వారం తిరిగేలోగా చేతికి అందాలి. పనికి పోయేచోట తూకం, నివాసం, వైద్యం పూచీ పొలం యజమాని మీదా, మేస్త్రీ మీదా చట్టబద్ధంగా పెట్టాలి. భూమి లేని దళిత కుటుంబాలకు భూమి అన్న పాత డిమాండు వీటన్నిటికీ మూలం. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు చివరి భూములకు చేరితే, ఆ భూముల్లో దళితులకూ పాలుంటే, సుగ్గి అనే మాట ఇక్కడా పండుగ మాటయ్యే వీలుంది.

పుష్య పౌర్ణమి నాటికి ఎమ్మిగనూరులో నీలకంఠేశ్వరుడి జాతర వస్తుంది. సుగ్గికి పోయినవారిలో కొందరు రథం లాగే నాటికి ఒకటి రెండు రోజులు తిరిగొస్తారు, మొక్కు తీర్చుకొని మళ్లీ లారీ ఎక్కుతారు. అమెరికా నుంచి సంక్రాంతి సెలవులకు వచ్చినవారు కూడా అదే జాతరలో ఉంటారు. ఒకరు ప్లాంటేషన్ మేడ చూసి వచ్చినవారు, మరొకరు పత్తిచేలో పట్టా కింద పడుకొని వచ్చినవారు. ఇద్దరి ముత్తాతలూ ఒకే నల్లరేగడి మీద, ఒకరు గట్టు మీద, మరొకరు చాలులో నిలబడ్డవారే. వచ్చే ఏడాది చలికాలానికి మన తెలుగు పర్యాటకుడు విట్నీకి వెళ్లితే మంచిదే. ఆ గోడ మీది పేర్లు చదివి తిరిగి వచ్చాక, తన ఊరి వాడలో డెబ్బై ఏళ్ల ముసలాయన అరుగు మీద కూర్చొని, ‘తాతా, నువ్వు ఎవరి దగ్గర జీతముంటివి, ఎన్నేండ్లుంటివి’ అని అడిగి, చెప్పింది చెప్పినట్లు రాసుకోవాలి. మన జాబితా అక్కడి నుంచి మొదలవుతుంది.